నడినెత్తిన గురుడు: ఆరంగుళాల టెలిస్కోపుకు చెక్క పీట

2024 నవంబర్ 3, ఆదివారం

మూడు టెలిస్కోపులను డాబా మీద పక్కపక్కన నిలబెట్టి ఒకే రాత్రి పోల్చి చూడాలని ఏడాదిగా అనుకుంటున్నాను. ఇవాళ కుదిరింది. దీపావళి పొగ ఇంకా పూర్తిగా వదలలేదు. అయినా ఎనిమిది దాటాక ఆకాశం పైభాగం తేటపడింది.

మొదటిది నా పాత 70 మిల్లీమీటర్ల లెన్సు టెలిస్కోపు. ఎనిమిదేళ్లుగా నాతో ఉంది. చంద్రుడి మీది గుంటలు, గురుడి నాలుగు చంద్రులు, శని వలయం నాకు మొదట చూపించింది అదే. రెండోది పోయిన నెల సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఆరంగుళాల న్యూటోనియన్. 150 మి.మీ. అద్దం, 1200 మి.మీ. ఫోకల్ లెంగ్త్, దాంతోపాటే వచ్చిన ఈక్వటోరియల్ మౌంట్, అంటే గొట్టాన్ని మోసే స్టాండు. మూడోది, మా నక్షత్రాలు చూసే బృందంలో మేము అన్న అని పిలిచే పెద్దాయనది. 127 మి.మీ. మాక్‌సుటోవ్ (లెన్సూ అద్దమూ కలిసిన పొట్టి గొట్టం), మోటార్లు, చేతిలో కీప్యాడ్. పేరు నొక్కితే తనే తిరిగి వెతికి పెడుతుంది.

ఇంట్లో ఒక పెద్ద టెలిస్కోపుకే చోటుంది. డిసెంబర్ 7న గురుడు, జనవరి 16న కుజుడు సూర్యుడికి సరిగ్గా ఎదురు వైపుకు వస్తున్నారు, అప్పుడే బాగా కనిపిస్తారు. ఆ లోపు ఏది ఉంచుకోవాలో తేల్చుకోవాలి.

శనితో మొదలుపెట్టాం. వలయం ఈ ఏడాది బాగా పక్కకు వాలి, బింబానికి అడ్డంగా సన్నటి కడ్డీ గుచ్చినట్టుంది. 70లో అది కడ్డీ అని మాత్రమే తెలిసింది. మాక్‌సుటోవ్‌లో అంచులు కోసినట్టు స్పష్టంగా ఉన్నాయి, ఆ బొమ్మకు వంక పెట్టలేం. ఆరంగుళాల్లోనూ దాదాపు అంతే స్పష్టత, పైగా వెలుగు ఎక్కువ. చంద్రుల్లో మరొకటి అదనంగా కనిపించింది. అద్దం వ్యాసాన్ని వర్గం చేసి చూస్తే 70 కంటే 150 నాలుగున్నర రెట్లు వెలుతురు పోగుచేస్తుంది. కాగితం మీద లెక్క తెలిసినా, కన్ను పెట్టి చూసినప్పుడే అదెంత తేడానో అర్థమైంది.

కృత్తికల దగ్గర మాత్రం పాతదే గెలిచింది. పల్లెల్లో పిల్లలకోడి అంటారే, ఆ గుంపు మొత్తం 70లో ఒకేసారి పట్టింది. మాక్‌సుటోవ్‌లో కోడి పట్టింది గానీ పిల్లలు బయటే ఉండిపోయాయి.

ఇక ఆ ఈక్వటోరియల్ మౌంట్. దాని అక్షాన్ని ధ్రువ నక్షత్రం వైపు పెట్టాలి. ధ్రువ నక్షత్రం మన అక్షాంశం ఎంతో అంతే ఎత్తులో ఉంటుంది. హైదరాబాద్‌లో 17 డిగ్రీల పైచిలుకు. అంటే మాకు పక్క బిల్డింగ్ నీళ్ల ట్యాంకు వెనక. పోనీ దిక్సూచితో ఉజ్జాయింపుగా పెడదామంటే, ఈ మౌంట్‌లో అక్షాంశం స్క్రూ 20 దగ్గరే ఆగిపోతోంది. దాన్ని ఎలాగో దింపితే, బరువుల కడ్డీ స్టాండు కాలికి తగులుతోంది. యూరప్, అమెరికాల్లో 40, 50 డిగ్రీల దగ్గర ఉన్నవాళ్లకు ఆ కడ్డీ అంతగా కిందికి వాలదు, కాలికి దూరంగానే ఉంటుంది. మనకు అక్షం దాదాపు పడుకున్నట్టు ఉంటుంది కాబట్టి కడ్డీ నిటారుగా కిందికి దిగుతుంది. దీనికి తోడు గొట్టం తిరిగేకొద్దీ ఐపీస్ (కన్ను పెట్టి చూసే లెన్సు) ఒకసారి నేలవైపు, ఒకసారి ఆకాశంవైపు పోతోంది. మా పాప మూడుసార్లు స్టూల్ ఎక్కి దిగింది. చివరికి "నాన్నా, చిన్నదాంట్లోనే చూస్తా" అంది.

ఆ మాటతో నాకు స్పష్టంగా తెలిసింది. గొట్టం మంచిదే. దాన్ని మోసేదే మనకు సరిపడలేదు.

నవంబర్ 10

మౌంట్ పక్కన పెట్టేశాను. గొట్టాన్ని డాబ్సోనియన్ పీట మీదికి మార్చాలని నిర్ణయం. మూడు పలకల పెట్టె, కింద గుండ్రటి బల్ల, అడ్డంగా తిరగడం, పైకీ కిందికీ వాలడం. అంతే, ఇంకే అక్షాలూ వద్దు.

ఈ పీట పేరు వెనక ఉన్న మనిషి కథ నాకెంతో ఇష్టం. జాన్ డాబ్సన్ 1915లో బీజింగ్‌లో పుట్టారు. 1944లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రామకృష్ణ సంప్రదాయపు వేదాంత సొసైటీలో చేరి సన్యాసి అయ్యారు. ఓడ కిటికీల గాజు బిళ్లలను అరగదీసి అద్దాలు చేసేవారు, అట్ట గొట్టాలు, ప్లైవుడ్‌తో టెలిస్కోపులు కట్టేవారు. వాటిని వీధిలోకి తెచ్చి దారినపోయేవాళ్లకు చంద్రుణ్ణి చూపించేవారు. ఆ వ్యాపకం ముదిరి 1967లో మఠం వదలాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాదే సైడ్‌వాక్ ఆస్ట్రానమర్స్ మొదలైంది. తన డిజైన్‌కు పేటెంట్ తీసుకోలేదు. అందుకే ఇవాళ నేను ఎవర్నీ అడగకుండా నా పీట నేను చేసుకోగలుగుతున్నాను.

గొట్టాన్ని గుండ్రటి కర్ర మీద అడ్డంగా పెట్టి అటూ ఇటూ జరుపుతూ తూకం కుదిరే చోటు పట్టుకున్నాను. ఫైండర్ (గురిపెట్టే చిన్న టెలిస్కోపు), బరువైన ఐపీస్ రెండూ తగిలించాకే చూడాలి, లేకపోతే తర్వాత ముక్కు వాలుతుంది. అద్దం వైపు కొస నుంచి 46 సెంటీమీటర్లు. అక్కడ టేపు చుట్టి పెన్నుతో గీత పెట్టాను.

అమ్మినాయన అద్దాలన్నీ సరిగ్గా సర్ది ఉన్నాయన్నాడు. చూస్తే చిన్న అద్దం వెనక మూడు స్క్రూల్లో ఒకదానికి మర అరిగిపోయి ఊరికే తిరుగుతోంది. మనసుకు కష్టమనిపించింది. అరగంట వెతికితే హార్డ్‌వేర్ షాపులో అదే సైజు స్క్రూ దొరికింది. మూత మధ్యలో సన్నటి రంధ్రం చేసిన ఫిల్ము డబ్బాను ఐపీస్ చోట పెట్టి చూస్తూ అద్దాలు సర్దాను. ఇది ఎఫ్/8 గొట్టం, అంటే ఫోకల్ లెంగ్త్ అద్దం వెడల్పుకు 8 రెట్లు. కాబట్టి సర్దుబాటు కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ అంతగా చెడదు, మామూలు ఐపీస్‌లతోనూ బాగా పనిచేస్తుంది. కొత్తగా కొనేవాళ్లు ఎఫ్/5 పొట్టి గొట్టాల వైపు మొగ్గుతారు గానీ, గ్రహాల మీద ఇష్టం ఉన్నవాళ్లకు నేను ఎఫ్/8 ఆరంగుళాలే చెబుతాను.

నవంబర్ 24

18 మి.మీ. వాటర్‌ప్రూఫ్ ప్లై. పూర్తి షీట్ అక్కర్లేదు, సగం చాలు. మా వీధి చివర వడ్రంగి షాపులో కోయించాను. పక్క పలకలు రెండు, ముందు పలక ఒకటి, 48 సెంటీమీటర్ల గుండ్రటి బల్లలు రెండు.

కింది బల్లకు నాలుగు కాళ్లు గీసుకెళ్లాను. వడ్రంగి చూసి పెన్సిల్‌తో ఒకటి కొట్టేశాడు. "సార్, నాలుగు పెడితే ఏదో ఒకటి లేస్తది. మూడు పెట్టున్రి, గచ్చు ఎట్లున్నా ఊగది." నిజమే, మూడు బిందువులు ఎక్కడైనా ఒక తలం మీద కూర్చుంటాయి. డాబా గచ్చుకు నీళ్లు పోవడానికి ఎలాగూ వాలు ఉంటుంది. పనిలో ముప్పై ఏళ్లు గడిపిన చేతికి ఉన్న తెలివి అది. మూడు కాళ్లే పెట్టాం, మధ్య నుంచి 22 సెంటీమీటర్ల దూరంలో.

పక్కల ఇరుసులకు పీవీసీ పైపు ఎండ్ క్యాపులు వాడాను, 110 మి.మీ.వి. గొట్టం రింగులకు చెక్క బిగించి, దానికి క్యాపులు స్క్రూ చేశాను. పక్క పలకల పైన అర్ధచంద్రాకారంలో కోసిన గాడిలో అవి కూర్చుంటాయి.

డిసెంబర్ 1

ఫెవికాల్ పూర్తిగా ఆరింది. ఇవాళ బిగింపు. రెండు గుండ్రటి బల్లల మధ్య 12 మి.మీ. బోల్టు. పైబల్ల అడుగున సన్‌మైకా, కిందిబల్ల మీద మూడు టెఫ్లాన్ ముక్కలు. ముక్కలు సరిగ్గా కాళ్లకు పైన ఉండాలి. అప్పుడే బరువు నేరుగా నేలకు దిగుతుంది, బల్ల వంగదు.

ఇంట్లో కిచెన్ పని చేయించినప్పుడు మిగిలిన నున్నటి సన్‌మైకా ఉంటే అదే అతికించాను. నున్నగా ఉంటే బాగా జారుతుందనుకున్నాను. కానీ అది పట్టేసింది. మెల్లగా తోస్తే కదలదు, ఇంకొంచెం తోస్తే ఒక్క గెంతు గెంతి బొమ్మ దాటిపోతుంది. ఇలాంటి పీటలో కావాల్సింది వేరు. కదలడం మొదలుపెట్టడానికి ఎంత బలం కావాలో, కదులుతూ ఉండటానికీ అంతే బలం కావాలి. నున్నటి పలక టెఫ్లాన్‌ను కరిచి పట్టుకుంటుంది. గరుకు డిజైన్ ఉన్న పలకలో తగిలే చోట్లు తక్కువ, అందుకే సాఫీగా జారుతుంది.

వడ్రంగి దగ్గర గరుకు సన్‌మైకా ముక్క దొరికింది. పాతది ఊడదీయడానికే గంటన్నర పట్టింది, ప్లై పొర కూడా కొంచెం లేచింది. మళ్లీ అతికించి, ఇటుకలు పేర్చి వదిలేశాను.

డిసెంబర్ 7, శనివారం

గురుడు ఎదురుగా వచ్చిన రాత్రి. పీటకు తొలి రాత్రి కూడా.

ఎనిమిదింటికి తూర్పున, రోహిణికి దగ్గర్లో మెరుస్తున్నాడు. 25 మి.మీ. ఐపీస్‌తో 48 రెట్లు, తర్వాత 10 మి.మీ.తో 120 రెట్లు. రెండు గోధుమరంగు పట్టీలు ఎవరికైనా కనిపిస్తాయి. ఓపిగ్గా పది నిమిషాలు చూస్తే ఉత్తరపు పట్టీ అంచు చిరిగిన గుడ్డ అంచులా తెలిసింది. ఆ అంచు నుంచి నీలిబూడిద రంగు తీగలు మధ్యలోకి వేలాడుతున్నాయి. గాలి నిలకడగా ఉన్న రెండు మూడు సెకన్లే అవి కనిపిస్తాయి, మళ్లీ కలిసిపోతాయి. 70లో ఎనిమిదేళ్లు చూసినా ఈ తీగలు నాకు కనబడలేదు. ఐపీస్ దగ్గర నుంచి లేవబుద్ధి కాలేదు. చేత్తో చిన్నగా తోస్తే గొట్టం వెన్నలా కదిలింది. మా పాప స్టూల్ లేకుండానే చూసింది, తనంతట తనే తోసుకుంటూ.

పదకొండు దాటేసరికి అసలు ఇబ్బంది మొదలైంది. గురుడు పైకెక్కుతున్నకొద్దీ పీట మొండికేసింది. నేను గొట్టం కొస పట్టుకుని పక్కకు తోస్తుంటే అది తిరగడం లేదు, వణుకుతోంది. పన్నెండుకు దాదాపు నడినెత్తిన ఉన్నప్పుడు పూర్తిగా చేతులెత్తేశాను. గ్రహం అన్నిటికంటే ఎత్తులో ఉండి, గాలి పొర అన్నిటికంటే పలచగా ఉండే ఆ గంటే నాకు దక్కలేదు.

డిసెంబర్ 14

ఈ వారమంతా దీని మీదే ఆలోచన. డాబ్సోనియన్ వాడేవాళ్లు నడినెత్తిన ఉన్న ఈ చోటును 'డాబ్సన్ హోల్' అంటారు. చదివాను గానీ ఎప్పుడో ఒకసారి వచ్చే చిన్న చికాకు అనుకున్నాను. మనకు చిన్నది కాదు.

ఈ సీజన్‌లో గురుడు ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించే గీత) 22 డిగ్రీలు ఉత్తరాన ఉన్నాడు. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం. తేడా నాలుగున్నర డిగ్రీలు. అంటే అర్ధరాత్రి అతను నడినెత్తికి అంత దగ్గరగా దాటుతున్నాడు. జనవరిలో కుజుడికి 8 డిగ్రీలు. కృత్తికలకు దాదాపు 7. లండన్‌లో గురుడు ఎంత ఎక్కినా 60 డిగ్రీలు దాటి పెద్దగా పైకి రాడు. డాబ్సన్ ఉన్న శాన్‌ఫ్రాన్సిస్కోలో కూడా గ్రహాలు నెత్తి మీదికి రావు. తెలుగు నేల మొత్తం కర్కట రేఖకు దిగువనే ఉంది. కాబట్టి గ్రహాలు సరిగ్గా మన నెత్తి మీదుగా నడిచే రోజులుంటాయి. టెలిస్కోపు ఎంపిక గురించి నేను చదివిన సలహాలన్నీ ఆకాశాన్ని వేరే చోట నుంచి చూసేవాళ్లు రాసినవి. ఈక్వటోరియల్ మౌంట్ విషయంలో కడ్డీ కాలికి తగిలినప్పుడే నాకిది తట్టాల్సింది.

లెక్క వేశాను. మామూలుగా ఆకాశం నిమిషానికి పావు డిగ్రీ జరుగుతుంది. కానీ నడినెత్తికి నాలుగున్నర డిగ్రీల దూరంలో ఉన్న గ్రహాన్ని వెంబడించాలంటే పీట నిమిషానికి దాదాపు 3 డిగ్రీలు తిరగాలి. ఇంకో సంగతి: గొట్టం నిటారుగా ఉన్నప్పుడు దాని పైకొస, పీట తిరిగే అక్షానికి ఐదారు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. తలుపును బందు పక్కనే చెయ్యి పెట్టి తోసినట్టన్నమాట. ఎంత బలం పెట్టినా తిరగదు.

మందు కూడా ఆ లెక్కలోనే ఉంది. ఆకాశాన్ని జరపలేం, అక్షాన్ని వంచగలం. పీటను మొత్తంగా దక్షిణం వైపు 10 డిగ్రీలు వాలిస్తే, ఆ మొండి చోటు గురుడి దారి నుంచి 14, 15 డిగ్రీలు పక్కకు పోతుంది. తిరగాల్సిన వేగం నిమిషానికి 1 డిగ్రీ లోపుకు వస్తుంది. తోసే చోటు అక్షానికి మూడు రెట్లు దూరమవుతుంది.

డిసెంబర్ 22

ఉత్తరం వైపు రెండు కాళ్ల కింద 6 సెంటీమీటర్ల చెక్క దిమ్మెలు. ఒంటికాలు దక్షిణంగా ఉండాలి. ఇది తప్పకూడదు: వాలినప్పుడు బరువు దక్షిణానికి ఏడు సెంటీమీటర్లు జరుగుతుంది, ఆ వైపు కాలు 22 సెంటీమీటర్ల దూరంలో ఉంటే భయం లేదు. రెండు కాళ్ల నడిమి అంచు ఆ వైపు ఉంటే అక్కడ ఊతం సగమే, పాప చెయ్యి వేసి ఊగితే పడిపోవచ్చు. దిమ్మెల్లో కాళ్లు దిగడానికి గుంటలు తవ్వించాను, జారిపోకుండా.

సాయంత్రం పెట్టి చూశాను. బాగా నిలబడింది. టీ తాగుదామని కిందికెళ్లి వచ్చేసరికి పెట్టె తనంతట తానే తిరిగి ముందు పలక దక్షిణం వైపు వచ్చేసింది. మొదట గాలి అనుకున్నాను, తర్వాత అర్థమైంది. సమతలం మీద ఉన్నంతకాలం ముందు పలక బరువు బయటపడలేదు. వాలు మీద ఆ కిలో పైచిలుకు బరువు కిందికి దిగాలని చూస్తుంది. గరుకు సన్‌మైకా బాగా జారుతుంది కదా, దానికి దారి దొరికింది.

పక్కన పెట్టేసిన మౌంట్ గుర్తొచ్చింది. దాని బరువుల్లో ఒక ఇనుప బిళ్లను తీసి పెట్టె వెనక అడుగున బిగించాను. అటూ ఇటూ జరిపి మూడో ప్రయత్నంలో తూకం కుదిరింది. ఇప్పుడు ఎటు తిప్పి వదిలితే అటే ఉంటుంది.

డిసెంబర్ 29, ఆదివారం

అమావాస్య దగ్గర. గురుడు పదిన్నరకు నడినెత్తి దాటాడు. ఆ ముందు అరగంట, తర్వాత అరగంట ఒక్క క్షణం కూడా వదలలేదు. 120 రెట్ల దగ్గర గ్రహం ఐపీస్‌ను దాటడానికి రెండు నిమిషాల లోపే పడుతుంది. వేలితో మెల్లగా తోస్తే మళ్లీ మధ్యకు వస్తుంది. అన్న కూడా వచ్చాడు. ఐపీస్ దగ్గర చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు. తర్వాత "మోటారు లేదని మర్చిపోయిన" అన్నాడు. ఆయన మాక్‌సుటోవ్ ఇప్పటికీ ఎంతో మంచిది. ఫొటోలు తీయాలన్నా, నగరపు వెలుతురులో కనపడని వాటిని వెతకాలన్నా నేను దాన్నే అడుగుతాను. కానీ నా చేతికి అలవాటైంది మాత్రం ఈ చెక్క పీటే.

2025 జనవరి 18, శనివారం

పడమట శుక్రుడు, శని పక్కపక్కనే, రెండు డిగ్రీల పైచిలుకు దూరంలో. ఫైండర్‌లో రెండూ కలిసి పట్టాయి. శుక్రుడు సగానికి కోసిన చంద్రుడిలా ఉన్నాడు. శుక్రుడంటే నాకు విశాఖ గుర్తొస్తుంది. 1874లో శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటినప్పుడు అంకితం వెంకట నర్సింగరావు ఆ ఊళ్లోని సొంత అబ్జర్వేటరీ నుంచి దాన్ని పరిశీలించారు. దాన్ని 1840లో మొదలుపెట్టింది ఆయన మామగారు గోడే వెంకట జగ్గారావు.

పన్నెండుకు కుజుడు. బార్లో (రెట్లను రెట్టింపు చేసే లెన్సు) పెట్టి 240 రెట్లు. ఉత్తర ధ్రువం దగ్గర తెల్లటి చుక్క, దాని కింద నల్లటి మరక. గాలి కదిలితే చెదిరిపోతోంది, నిలిస్తే మళ్లీ కూడుతోంది.

జనవరి 26, ఆదివారం

అచ్చంపేట దాటి, నల్లమల అంచున మా అత్తగారి ఊరు. పీట, గొట్టం కారు వెనక సీటులో పట్టాయి. నిన్న రాత్రి ఊరి బయట కళ్లంలో పెట్టాం. ఇక్కడ దక్షిణం ముఖ్యం కాబట్టి దిమ్మెలు తీసేశాను.

మృగశిర కింది నెబ్యులా (ధూళి, వాయువుల మేఘం) నగరంలో బూడిద మచ్చ. ఇక్కడ రెక్కలు చాచిన పక్షి, మధ్యలో నాలుగు నక్షత్రాలు విడివిడిగా. అగస్త్యుడు దక్షిణాన దీపంలా ఉన్నాడు. నేను ఎదురుచూసింది మాత్రం తెల్లవారుజాము కోసం.

నాలుగు గంటలకు ఓమెగా సెంటారై దక్షిణాన, కాస్త తూర్పుకు, చెట్ల మీదికి వచ్చింది. ఇక్కడ అది 26 డిగ్రీల దాకా ఎక్కుతుంది. లండన్‌లో అసలు ఉదయించదు. దూరం దాదాపు 17 వేల కాంతి సంవత్సరాలు, కోటి దాకా నక్షత్రాల ముద్ద. 48 రెట్లతో పెట్టాను. మొదట మసక గుండ్రం. కన్ను కొంచెం పక్కకు తిప్పి చూస్తే అది మెల్లగా రవ్వలుగా విడిపోవడం మొదలైంది, నల్లటి చాపలో తెల్ల రవ్వ ఒలికినట్టు. అంచుల నుంచి మధ్య దాకా రవ్వలు. 70లో ఇది ఎప్పుడూ మసక బంతే.

మామగారిని పిలిచాను. కళ్లద్దాలు తీసి వంగి, ఫోకస్ తనే తిప్పుకున్నారు. "ఇన్ని ఒక్కచోటనా?" అని, లేచి ఉత్త కళ్లతో అటు చూసి, మళ్లీ వంగారు. తూర్పున సన్నటి నెలవంక లేచింది. ఆయన ఐపీస్ వదల్లేదు.

70ని ఈ ఊళ్లోనే ఉంచి వస్తున్నాను, మామగారి దగ్గర. వచ్చే నెల పనులు: పక్క పలకలకు మోయడానికి పిడులు, ప్లై అంచులకు రెండో కోటు వార్నిష్, దిమ్మెలకు అడుగున రబ్బరు.